కొత్త లైనింగ్ వేసినా బ్రేక్ పట్టదేం?

ప్రశ్న: పాత మోటార్‌సైకిల్ ముందు డ్రమ్ బ్రేక్ షూలకి (చక్రంతో తిరిగే డ్రమ్‌ని లోపలి నుంచి నొక్కే వంపు ముక్కలు) కొత్త లైనింగ్, అంటే రాపిడి పట్టీ, రివెట్ చేయించాను. లివర్ గట్టిగా నొక్కినా బండి ఆగడం లేదు, పైగా కీచుమంటోంది. లైనింగ్ నాసిరకమంటారా?

జవాబు: అప్పుడే లైనింగ్‌ని తిట్టకండి. పాత డ్రమ్ అరిగి వ్యాసం పెరుగుతుంది; కొత్త లైనింగ్ వంపు దానికి కలవక నడిమధ్యే ఆనుతుంది. డ్రమ్ లోపల సుద్ద రుద్ది, చక్రం బిగించి, బ్రేక్ తేలిగ్గా పట్టి తిప్పండి. విప్పి చూస్తే సుద్ద అంటినవే ఎత్తు చోట్లు. వాటినే 80 నంబరు గరుకు కాగితంతో కొంచెం కొంచెంగా అరగదీసి మళ్లీ చూడండి. విసుగు పనే, కానీ దీనికి అడ్డదారి లేదు. ముప్పాతిక భాగం ఆనితే చాలు, మిగతాది వాడకంలో సర్దుకుంటుంది.

కీచు తగ్గాలంటే లైనింగ్ ముందు అంచుని (తిరిగే డ్రమ్ మొదట తాకే అంచు) కాస్త ఏటవాలుగా చెక్కండి. రివెట్ తలలు లైనింగ్‌లోకి దిగి ఉండాలి, లేదంటే డ్రమ్‌ని గీరేస్తాయి.

యాక్సిల్ (చక్రం ఇరుసు) నట్ వదులు చేసి, చక్రం తిప్పి, బ్రేక్ గట్టిగా పట్టి ఉంచి అలాగే నట్ బిగించండి. షూలు డ్రమ్ మధ్యకి వస్తాయి. బ్రేక్ పూర్తిగా పట్టినప్పుడు క్యామ్ ఆర్మ్ (కేబుల్ లాగితే తిరిగి షూలని విప్పార్చే చేయి), కేబుల్ మధ్య కోణం దాదాపు 90 డిగ్రీలుండాలి. అది దాటితే చేతి బలం వృథా.

నూనె పీల్చిన లైనింగ్‌ని పెట్రోలుతో కడిగి వాడొద్దు. వేడెక్కగానే నూనె మళ్లీ పైకొస్తుంది. పాత లైనింగ్ పొడిలో ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకి హాని చేసే ఖనిజ నార) ఉండొచ్చు. గాలి కొట్టకుండా తడిగుడ్డతో తుడవండి.