చీకట్లో గబ్బిలాలను ఎలా చూడాలి?

ప్రశ్న: పిల్లలతో పార్కులో టెంట్ వేసుకుని ఒక రాత్రి ఉండబోతున్నాం. గబ్బిలాలు, రాత్రి తిరిగే ఇతర జీవులు కనిపించాలంటే ఏం చేయాలి? గబ్బిలం జుట్టులో చిక్కుకుంటుందని మా పాప భయపడుతోంది.

జవాబు: ముందు పాప టెన్షన్ తీర్చేద్దాం. గబ్బిలానికి మన జుట్టుతో పనిలేదు. తల చుట్టూ మూగే దోమల కోసం వస్తుంది, మీదకొచ్చినట్టే వచ్చి చటుక్కున పక్కకు తిరిగిపోతుంది. పురుగులు తినే గబ్బిలాలు కూతపెట్టి, దాని ప్రతిధ్వనిని బట్టి దారి చూసుకుంటాయి. ఆ కూతలు ఎక్కువగా 20 కిలోహెర్ట్జ్ పైనే, మన చెవికి అందవు. బ్యాట్ డిటెక్టర్ (ఆ కూతలను మన చెవికి వినిపించేలా మార్చే పరికరం) ఉంటే టిక్ టిక్‌మని వినిపిస్తాయి. పురుగు దగ్గరపడేకొద్దీ ఆ టిక్కులన్నీ కలిసిపోయి బర్రుమంటాయి. నన్నడిగితే చూడటం కన్నా ఇది వినడమే మజా!

సూర్యుడు అస్తమించే వేళకే చెరువు గట్టున పడమటి వైపు తిరిగి కూర్చోండి. ఆ కాస్త వెలుగులోనే అవి బాగా కనిపిస్తాయి. కొన్ని ఎగురుతూనే నీళ్లు తాగిపోతాయి.

తర్వాత ఫోన్లు లోపల పెట్టేయండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20-30 నిమిషాలు పడుతుంది. నడవడానికి ఎర్ర లైటు చాలు. ఒక్కసారి మాత్రం తెల్ల టార్చి కంటి పక్కనే పట్టుకుని గడ్డి మీదకు వేయండి. మంచు బిందువుల్లా మెరిసేవాటి దగ్గరికెళ్లి చూస్తే, సాలీడు కళ్లు!

కింద పడున్న గబ్బిలాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు, రేబిస్ ప్రమాదం ఉంది. కరిచినా, గీరినా సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికెళ్లాలి.