మరణశిక్ష నిలిచింది, 303వ సెక్షన్ ఎందుకు నిలవలేదు?

1980లో బచన్ సింగ్ కేసులో మరణశిక్ష రాజ్యాంగబద్ధమేనని చెప్పిన సుప్రీంకోర్టు, 1983లో మిఠూ కేసులో యావజ్జీవ ఖైదీ హత్య చేస్తే మరణశిక్షను తప్పనిసరి చేసిన, భారత శిక్షాస్మృతిలోని 303వ సెక్షన్‌ను కొట్టివేయడం పరస్పర విరుద్ధం కాదా అని మీ వ్యాసం కోసం మీరు అడిగారు. కాదు, నిజానికి రెండో తీర్పు మొదటిదాని మీదే ఆధారపడింది.

బచన్ సింగ్ కేసులో మెజారిటీ న్యాయమూర్తులు హత్యకు శిక్షను నిర్దేశించే 302వ సెక్షన్‌ను సమర్థించడానికి ముఖ్య కారణం, అందులో యావజ్జీవమా మరణమా అని ఎంచుకునే విచక్షణ న్యాయమూర్తికి ఉండటం, మరణశిక్ష వేస్తే ప్రత్యేక కారణాలు రాయాలని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 354(3) నిర్బంధించడం. (జస్టిస్ భగవతి మాత్రం ఇదీ చాలదని విభేదించారు, ఆ అసమ్మతి తీర్పు తప్పక చదవదగినది.) యావజ్జీవ ఖైదీ హత్య చేస్తే ఉరి తప్ప మరో శిక్షే లేదన్న 303వ సెక్షన్, నేర పరిస్థితులనుగానీ నేరస్థుడి స్థితినిగానీ చూసే అవకాశాన్నే తీసివేసింది కాబట్టి రాజ్యాంగంలోని 14 (సమానత్వం), 21 (జీవించే హక్కు, వ్యక్తిగత స్వేచ్ఛ) అధికరణాలకు విరుద్ధమైంది.

కాబట్టి మీ వ్యాసంలో ‘మరణశిక్ష చెల్లుతుందా’, ‘తప్పనిసరి మరణశిక్ష చెల్లుతుందా’ అనే రెండు ప్రశ్నలను విడదీసి రాయండి. శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 104వ సెక్షన్‌లో ఇదే నేరానికి మరణశిక్షతోపాటు జీవితాంతపు ఖైదును ప్రత్యామ్నాయంగా చేర్చారు, దాన్నీ ప్రస్తావించండి.