సినిమాల్లోకి వెళ్లాలంటే ముందు నాటకాలు వేయాలా? తిరుపతిలో ఉంటూ ఏం నేర్చుకోవచ్చు?

తిరుపతిలో డిగ్రీ చదువుతున్నానని, సినిమాల్లో నటించాలని ఉందని, నాటకాల జోలికి పోకుండా నేరుగా ఆడిషన్లకు వెళ్తే చాలదా అని అడిగారు. నాదీ తిరుపతే. నాటకాలు వేస్తుంటాను, సినిమాల్లో చిన్న పాత్రలు చేస్తుంటాను.

తప్పనిసరా అంటే, కాదు. స్టేజీ ఎక్కకుండానే మంచి నటులైనవాళ్లున్నారు. కానీ సినిమా సెట్లో రిహార్సల్‌కు టైముండదు. సీను పేపరు చాలాసార్లు ఆ పొద్దునే చేతికొస్తుంది, మేకప్ వేస్తుండగానే బట్టీ పట్టాలి. అదే నాటకమైతే వారాల తరబడి అవే మాటలతో, అదే మనిషి ఎదురుగా కూర్చుంటాం. మా గురువుగారు మొదట నా డైలాగులు చూపించేవారే కాదు. ఎదుటి పాత్ర మాటలు మాత్రం రాసిన కాగితం ఇచ్చి, "ఇవి విన్నాక నీకేం అనాలనిపిస్తే అది అను" అనేవారు. కొన్నాళ్లకు అసలు డైలాగు ఇస్తే, అది నా నోట్లోంచి పుట్టినట్టే వచ్చేది. ఎదుటివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ కెమెరా మన ముఖం మీదే ఉండే షాట్లలో ఆ వినడమే ఆదుకుంటుంది.

గొంతు సంగతి వేరు. మహతి ఆడిటోరియంలో చివరి వరుసకు వినపడేలా పలికిన మాట, కాలర్ మైకు ముందు పలికితే అరిచినట్టుంటుంది. నేను పెట్టుకున్న కొలత ఒకటే: ఎదుటి పాత్ర ఎంత దూరంలో ఉంటే అంత గొంతు.

డబ్బు ఖర్చు లేని చదువు మన చిత్తూరు పల్లెల్లోనే ఉంది. ఎండాకాలం ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం జరుగుతుంది కదా, మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. అర్జునుడి తపస్సు రోజు వేషగాడు అంత ఎత్తు మాను ఎక్కుతూ పద్యాలు పాడతాడు. పైనుంచి విసిరే నిమ్మకాయల కోసం పిల్లల్లేని ఆడవాళ్లు కింద కాచుకునుంటారు. అదంతా చూడండి, కానీ కాస్త ముందుగానే పోయి వేషాలు వేసుకునే చోట కూర్చోండి. బీడీ కాలుస్తూ, బోరులో నీళ్లు పడలేదని మాట్లాడుకుంటూ ముఖానికి రంగు పూసుకునే మనిషి, కిరీటం, భుజకీర్తులు కట్టుకుని లేచేసరికి నడకే మారిపోతుంది. ద్రౌపది వేషం ఎక్కువగా మగవాళ్లే కడతారు. ఒకాయన పమిట సర్దుకున్న తీరు చూసి, ఆడపిల్లనై ఉండీ నేను ఇంత గమనించలేదే అనుకున్నా.

ఇంట్లో "ఆడపిల్లకు నాటకాలేంది?" అంటే, పక్కనున్న కడప జిల్లాలో 1885లో మొదలైన సురభి నాటక సమాజం గురించి చెప్పండి. అక్కడ ఆడవేషాలు ఇంటి ఆడవాళ్లే కట్టారు. మా అమ్మ మాత్రం ఆ మాటతో మెత్తబడలేదు. రిహార్సల్‌కు వచ్చి ఓ మూల కూర్చుని, అందర్నీ ఎగాదిగా చూసి వెళ్లాకే ఒప్పుకుంది.

డిగ్రీ అయ్యాక పద్ధతిగా చదవాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల కోర్సు ఉంది. అక్కడ డిగ్రీతో పాటు నాటకాల్లో చేసిన అనుభవమూ అడుగుతారు కాబట్టి ఇప్పట్నుంచే కాలేజీ నాటికలు వదలొద్దు, సర్టిఫికెట్లు దాచుకోండి.

మన యాసను వదిలించుకోమని చెప్పేవాళ్లు కనిపిస్తారు. పుస్తక భాష కూడా నేర్చుకోండి, యాస మాత్రం అట్నే ఉంచుకోండి. చిత్తూరు యాస కావాలని వెతికే ఆడిషన్లు ఈమధ్య బాగానే వస్తా ఉన్నాయి. అయితే వాటిలో పనిమనిషి పాత్రలే ఎక్కువ. నాకు పనిమనిషి పాత్రతో పేచీ లేదు. కాకపోతే ఆ సీనులో ఆమె కోరుకునేది ఏదో ఒకటి ఉండాలి, సెలవో, జీతమో, ఒక మాట చెప్పుకోవడమో. ఆమె మాట తీరును చూసి నవ్వడానికే సీను రాసుంటే వద్దంటాను. అలా కొన్ని పోయాయి కూడా.

ఛాన్సు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బడిగితే అక్కడికక్కడే ఆపేయండి. పని చేయించుకునేవాళ్లే మనకు డబ్బివ్వాలి. పోర్ట్‌ఫోలియో కోసం వేలకు వేలు తగలేయొద్దు. పొద్దునపూట కిటికీ పక్కన, మేకప్ లేకుండా, ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, నిలువెత్తుది ఒకటి ఫోన్‌తో తీసిన ఫొటోలు మొదట్లో సరిపోతాయి.