తమాలే ట్రైలర్‌కి కో-సైన్ చేయాలా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటాం. నేను హెచ్‌-1బి మీద ఉద్యోగం చేస్తున్నాను. నాలుగేళ్లుగా మా ఇల్లు శుభ్రం చేస్తున్న మెక్సికో ఆవిడ శనివారాలు తమాలేలు (మొక్కజొన్న పిండిలో మాంసం కూరి ఆవిరి మీద ఉడికించే మెక్సికో వంటకం) వండి అమ్ముతుంది. ఇప్పుడు ఫుడ్ ట్రైలర్ (కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే వంటబండి) కోసం 8,000 డాలర్ల లోన్‌కి కో-సైన్ చేయమంటోంది. చేయనా, నేనే అప్పివ్వనా?

జవాబు: కో-సైన్ వద్దండీ. ఆవిడ కట్టలేకపోతే ఆ అప్పు మొత్తం మీదే. దానికన్నా నాకు భయమేమిటంటే, ఒక్క వాయిదా తప్పితే ఆవిడ మొహం చెల్లక మీ గడపే తొక్కదు.

ఆవిడకి కావాల్సింది సొంత పేరు మీద క్రెడిట్, అంటే అప్పు సరిగ్గా కడుతుందన్న రికార్డు. 'తాందా' తెలుసా అని అడిగి చూడండి. పదిమంది నెలనెలా తలా ఇంత వేసి, వంతులవారీగా ఒక్కొక్కరు మొత్తం ఎత్తుకుంటారు. పాట లేని మన చీటీ అన్నమాట. ఎన్నేళ్లు ఠంచనుగా కట్టినా బ్యాంకుల లెక్కలో అది ఉండదు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని మిషన్ అసెట్ ఫండ్ అనే సేవాసంస్థ ఈ తాందానే కాగితం మీద పెట్టి, వడ్డీ లేకుండా నడుపుతూ, వాయిదాలను ఆ రికార్డులు ఉంచే క్రెడిట్ బ్యూరోలకు తెలియజేస్తుంది.

ట్రైలర్ డబ్బుకి కీవా చూడండి. చాలామంది దగ్గర చిన్న చిన్న మొత్తాలు పోగేసి అప్పిచ్చే వెబ్‌సైట్ అది. అమెరికాలోని చిన్న వ్యాపారాలకు 15,000 డాలర్ల దాకా వడ్డీ లేని అప్పు దొరుకుతుంది. ముందు ఆవిడకి తెలిసినవాళ్లు కొందరు తలా కొంత వేయాలి. ఆవిడ తమాలేలు తిన్న మీ వీధివాళ్లను కూడగట్టే పని మీరు తీసుకోండి. చిన్న వ్యాపారాలకు సాయపడే ప్రభుత్వ సంస్థ ఎస్‌బీఏ లోన్ల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. 2025లో పౌరసత్వ నిబంధనలు బాగా బిగించారు. రోజువారీ అమ్మకాల్లోంచి కోసుకునే 'మర్చంట్ క్యాష్ అడ్వాన్స్' జోలికి అస్సలు పోనివ్వకండి. 1.4 ఫ్యాక్టర్ అంటే 8,000 తీసుకుని 11,200 కట్టడం, అదీ కొన్ని నెలల్లోనే.

ఫారాలు నింపేముందు ఆవిడను ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడమనండి. 'నోటారియో' బోర్డు చూసి మోసపోయేవాళ్లు చాలామంది. మెక్సికోలో నోటారియో అంటే పెద్ద లాయరు, టెక్సాస్‌లో నోటరీ సంతకాన్ని ధ్రువీకరించే మనిషి మాత్రమే. వ్యాపారానికి కావాల్సిన పన్ను గుర్తింపు నంబరు, ఈఐఎన్, పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఉచితంగానే ఇస్తుంది. మీరు డబ్బు సాయం చేయొచ్చు గానీ ట్రైలర్‌లో నిలబడి ఆర్డర్లు తీసుకోకండి, అది మీ వీసాకే ముప్పు.

ఇక అసలు లెక్క. మాంసం తమాలేలు ఇంట్లో వండి అమ్మడం ఇంటివంటలు కొన్నిటిని లైసెన్సు లేకుండా అమ్ముకోనిచ్చే టెక్సాస్ కాటేజ్ ఫుడ్ చట్టం కిందికి రాదు. లైసెన్సున్న కిచెన్ అద్దెకు తీసుకోవాలి. ఒక ఆదివారం ఆవిడతో కూర్చుని డజనుకి ఎంత పడుతుందో రాయించండి: మాసా అనే మొక్కజొన్న పిండి, పంది మాంసం, చుట్టడానికి మొక్కజొన్న పొత్తు రేకులు, గ్యాస్, కిచెన్ అద్దె. తెల్లవారుజామున లేచి చుట్టే ఆవిడ కూలీ కూడా అందులో ఉండాలి. దాన్నే అందరూ వదిలేస్తారు. నాలుగు శనివారాలు అలా నోట్‌బుక్‌లో రాశాక, 8,000 సరిపోతాయో, అసలు ట్రైలర్ ఇప్పుడే కావాలో ఆవిడకే తెలుస్తుంది.