గడ్డం కింద చెయ్యి పెట్టించు

చి. సౌ. సునీతకు పెదనాన్న ఆశీస్సులు.

డిక్టేషన్లో ‘డిన్నర్’కి ఒక ఎన్ తగ్గించాడని పిల్లాడి చేత యాభైసార్లు రాయించావట. వేళచ్చేరిలో వాడి ఏడుపు ఇక్కడ మాంబళంలో ఫోన్లో విన్నాను. ఆ రాతపని మాని, మాటను ముక్కలుగా విరవడం నేర్పు.

ఇంగ్లీషులో అక్షరాలు లెక్కపెడితే లాభం లేదు. అచ్చు ధ్వనులు ఎన్నో ముక్కలన్ని. గడ్డం కింద అరచెయ్యి ఆనించి ‘బనానా’ అనమను. గడ్డం మూడుసార్లు దిగుతుంది. ‘కేక్’ స్పెల్లింగు చివర ఈ ఉన్నా దిగేది ఒక్కసారే. మనం ‘కేకు’ అంటాం కదా, ఆ ఉకారంతోనే లెక్క తప్పుతుంది. దాన్ని మింగించు.

ఇక వాడి డిన్నర్. డిన్, నర్. మొదటి ముక్క ఎన్‌తో మూసుకుంది కనక లోపలి ఐ పొట్టిగా ‘ఇ’ అయింది. ఒక ఎన్ తీసేస్తే ముక్క ఐ దగ్గరే తెరిచి ఉండిపోతుంది, ఐ తన పేరే పలుకుతుంది: డై, నర్. అంటే తినేవాడు, అమెరికాలో అయితే చిన్న హోటలు. మనవాడు రాసింది అదే! ‘లిటిల్’లో ఐ తర్వాత రెండు టీలు, ‘టైటిల్’లో ఒకటే ఎందుకో ఇప్పుడు వాణ్ణే చెప్పమను.

అన్నీ ఇలా లొంగవు. ‘క్యాబిన్’లో బీ ఒకటే, అయినా క్యాబ్, ఇన్. తెరిచి చదివితే ‘కేబిన్’ అవుతుంది. మన ఆఫీసుల్లో అందరూ అనేది అదే అనుకో. బుధవారానికి నోటితో రెండే ముక్కలు, వెన్జ్, డే. రాసేటప్పుడు మాత్రం నేను ఇప్పటికీ లోపల వెడ్, నెస్, డే అనుకుంటాను.

రెండు మాటలు అతికిన మాటైతే ముందు అతుకు వెతకాలి. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే రోజుల్లో నాకు తగిలిన దెబ్బ ఇది. ‘మాన్‌స్లాటర్’ అంటే మనిషిని చంపిన నేరం, అతుకు ‘మాన్’ తర్వాత. పంక్తిలో చోటు చాలక కంపోజిటరు ఎస్‌ని పైనే ఉంచి మిగతాది కిందికి దించాడు. కింద మిగిలిన అక్షరాలు విడిగా చదివితే ‘లాఫ్టర్’, అంటే నవ్వు! చావు కేసు కాస్తా మగాడి నవ్వయింది. సరిగ్గా చూడకుండా సంతకం పెట్టింది నేనే.

అన్నట్టు, కొన్ని డిక్షనరీల్లో మాట మధ్య పెట్టే చుక్కలు పంక్తి చివర విరవడానికే, పలకడానికి కాదు. ‘అబౌట్’ రెండు ముక్కలైనా చుక్క ఉండదు, ఒంటి ఏని పంక్తి చివర వదలరు కనక.

ముక్కలు వచ్చాక నొక్కు సంగతి. ‘డెవలప్’ని మనం మొదట్లోనే నొక్కుతాం. నొక్కాల్సింది నడిమి ముక్కని: డి, వెల్, అప్.

ఆదివారం వాణ్ణి తీసుకురా. నోటుబుక్కు వద్దు.

పెదనాన్న