రెండేళ్ల గడువు నడుస్తోంది, కారు వైరింగ్ మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వకండి

ప్రశ్న: 2024 జనవరిలో 11 లక్షలు పెట్టి కొత్త కారు కొన్నాను. ఆగస్టులో సూర్యాపేట దారిలో వెళ్తుంటే మీటరులో లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి. స్టీరింగ్ బిగుసుకుపోయి బండి ఆగిపోయింది. కారులో అమ్మ, పిల్లలు ఉన్నారు. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ వణుకు వస్తుంది. అప్పటి నుంచి సర్వీస్ సెంటర్ చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. బాగైందని ఇస్తారు, నెల తిరిగేసరికి మళ్లీ అదే టెన్షన్. స్కానర్‌లో యు0100, యు0121 అని వచ్చాయి. ఆ ఏడాది దసరాకు బయట షాపులో మ్యూజిక్ సిస్టమ్ పెట్టించాను. ఇప్పుడు అది చూపించి వారంటీ లేదంటున్నారు, ఇంజిన్ ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) మార్చడానికి 68 వేలు కట్టమంటున్నారు. తెలిసిన మెకానిక్ ఒకరు ఆ సిస్టమ్ తీసేసి, వైర్లు మామూలుగా చేసి, కోడ్స్ చెరిపేస్తానంటున్నాడు. ఆ తర్వాత కేసు వేసి కొత్త కారు, మానసిక వేదనకు 10 లక్షలు అడగవచ్చా? జాబ్ కార్డులు (సర్వీస్‌కు ఇచ్చినప్పుడు ఫిర్యాదు, చేసిన పని రాసిచ్చే కాగితాలు) చాలావరకు దాచలేదు.
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ కేసు మొత్తం రెండు తేదీల మీద నిలబడుతుంది. బండి మొదటిసారి ఆగింది ఆగస్టులో. మ్యూజిక్ సిస్టమ్ పెట్టించింది దసరాకు, అంటే అక్టోబరులో. ఫాల్ట్ ముందు వచ్చింది, సిస్టమ్ తర్వాత వచ్చింది. సర్వీస్ సెంటర్ చెబుతున్న కారణం ఇక్కడే బలహీనపడుతుంది. అయితే ఆ ఆగస్టు నాటి జాబ్ కార్డే మీ దగ్గర లేదేమో! 11 లక్షల వస్తువుకు సంబంధించిన కాగితాన్ని ఇంటికి తెచ్చి పారేస్తే ఎలా? సంతకం పెట్టే ముందు అందులో ఏం రాశారో చదివారా? ‘కోడ్స్ క్లియర్డ్, టెస్ట్ డ్రైవ్ ఓకే’ అన్న చోట మీరు సంతకం పెట్టి ఉంటే, రేపు దాన్నే మీకు ఎదురు చూపిస్తారు.

ఇక ఆ కోడ్స్ సంగతి. కారులో ఒక్కో పనికి ఒక్కో ఎలక్ట్రానిక్ పెట్టె ఉంటుంది, దాన్నే మాడ్యూల్ అంటారు. యు0100 అంటే ఇంజిన్ మాడ్యూల్‌తో, అదే ఈసీఎంతో, యు0121 అంటే బ్రేకుల ఏబీఎస్ మాడ్యూల్‌తో సంబంధం తెగిందని మిగతా మాడ్యూళ్లు చెప్పే ఫిర్యాదు. అవతలి మనిషి ఫోన్ ఎత్తకపోతే ఆయనకు ఏమైనా అయిందో, లైనే తెగిందో ఇటునుంచి తెలియదు కదా, ఇదీ అంతే. మాడ్యూల్ పాడైందనడానికి ఆ కోడ్ ఒక్కటే రుజువు కాదు. వైరు తెగినా, కనెక్టరులో తుప్పు పట్టినా, ఎర్త్ వదులైనా, బ్యాటరీ వోల్టేజీ పడిపోయినా అవే కోడ్స్ రావచ్చు. అందుకే 68 వేలు కట్టే ముందు ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా అడగండి: క్యాన్ లైను (మాడ్యూళ్లు మాట్లాడుకునే రెండు వైర్ల జత) పరీక్షించారా, రీడింగ్ ఎంత వచ్చింది?

చాలా కార్లలో బ్యాటరీ తీసి, ఓబీడీ సాకెట్ (స్కానర్ తగిలించే చోటు) 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే 60 ఓమ్స్ దగ్గర రావాలి. 120 వస్తే ఆ లైను రెండు చివర్లలో ఉండే రెసిస్టర్లలో ఒకటి అందడం లేదు, దాదాపు సున్నా వస్తే రెండు వైర్లు ఎక్కడో కలిసిపోయాయి. ఒక జాగ్రత్త చెప్పాలి. మీ ఫాల్ట్ వచ్చి పోయే రకం. చల్లగా నిలబెట్టిన బండిలో 60 వచ్చినంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. ఇంజిన్ వేడెక్కాక, వైరింగ్ కట్టను కదిలిస్తూ కూడా చూడాలి. ‘పరీక్షించాం, బాగుంది’ అని అవతలివాళ్లు అఫిడవిట్ వేస్తే మీ వకీలు అడగాల్సిన మొదటి ప్రశ్న, ఎలా పరీక్షించారని.

మెకానిక్ సలహా మాత్రం వినకండి. సిస్టమ్ తీసి, కోడ్స్ చెరిపి, వైర్లు చుట్టేస్తే మీ సాక్ష్యాన్ని మీ చేతులతో మీరే చెరిపేసినట్టు. ఆ కారు ఇప్పటికే సర్వీస్ సెంటర్ షెడ్డులోకి వెళ్లి వచ్చింది, ఫొటోలు తీసే ఉంటారు. పైగా బయట విప్పిన వైరింగ్‌లో లోపం ఎవరిదో ఆ తర్వాత ఏ నిపుణుడూ చెప్పలేడు. మ్యూజిక్ సిస్టమ్ సంగతి ఫిర్యాదులో మీరే ముందు రాయండి, షాపు బిల్లు జతచేయండి. బిల్లు మీద తేదీయే మీకు రక్ష. దాచి ప్రమాణపత్రం వేస్తే నిజంగా ఉన్న కేసు కూడా పోతుంది.

కాలపరిమితి: వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం వివాద కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. ఆగస్టు 2024 నుంచి లెక్కిస్తే అది 2026 ఆగస్టులో ముగుస్తుంది. ప్రతి రిపేరుతో గడువు కొత్తగా మొదలవుతుందని మీకు ఎవరైనా చెప్పవచ్చు. ఆ వాదన ఉంది, కానీ దాని మీద ఆధారపడి కూర్చోవద్దు. ఉత్తరాలు రాసుకుంటూ పోతే గడువు పెరగదు. ఆలస్యాన్ని మన్నించమని అడగడానికి సరైన కారణం చూపాలి, అది వినియోగదారుల కమిషన్ దయ.

కొత్త కారు అడగడం కష్టం. 2006లో మారుతీ ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు, లోపమున్న భాగాన్ని మార్చగలిగినప్పుడు కారు మొత్తం మార్చమనడం కుదరదని చెప్పింది. అందుకే మొదట లోపాన్ని ఉచితంగా సరిచేసి వారంటీ పొడిగించాలని అడగండి. తయారీ లోపం తేలి, అది సరికాకపోతే డబ్బు వాపసు అని ప్రత్యామ్నాయంగా పెట్టండి. వేదనకు 10 లక్షలు అన్న అంకె తగ్గించండి, అది చూస్తే మిగతా కోరికల మీద కూడా అనుమానం వస్తుంది.

ఈ వారంలోనే డీలరుకు, తయారీ కంపెనీకి ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్టు రెండింటిలోనూ రాసి, మొదటి రోజు నుంచి ఉన్న జాబ్ కార్డులు, స్కాన్ రిపోర్టుల కాపీలు అడగండి. ఇవ్వాల్సిన సమాచారాన్ని కావాలని దాస్తే సెక్షన్ 2(11) ప్రకారం అదీ సేవాలోపమే. వాళ్లు ఇవ్వకపోతే దస్తావేజులు తెప్పించే అధికారం కమిషన్‌కు ఉంది. ఈలోగా ఆగస్టు నాటి టోయింగ్ బిల్లు, సర్వీస్ సెంటర్ నుంచి వచ్చిన మెసేజీలు వెతకండి. స్కానర్ తెరకు మీరు తీసిన ఫొటోలుంటే ఆ ఫోను అమ్మకండి. అలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాల్సి రావచ్చు.

ఫిర్యాదు మీరు ఉంటున్న ఖమ్మం జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. 50 లక్షల లోపు కొనుగోలు కాబట్టి అదే సరైన చోటు, ఫీజు 400 రూపాయలు. దానితోపాటే సెక్షన్ 38 కింద నిపుణుడి పరీక్షకు దరఖాస్తు పెట్టండి. పరీక్ష ఖర్చు ముందుగా మీరే కట్టాలి. ఆ పరీక్ష పూర్తయ్యే వరకు కారు ఇప్పుడున్న స్థితిలోనే ఉంచి, రోడ్డు మీదికి తీయకండి.