ప్రశ్నలు - జవాబులు: షా లతీఫ్‌ను ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: సింధీ సూఫీ కవి షా అబ్దుల్ లతీఫ్ పద్యాల పుస్తకం ‘రిసాలో’ అనువాదం కొన్నాను. అందులో ప్రేమకథలున్నాయన్నారు. యాభై పేజీలైనా ఒక్క కథా తగల్లేదు. అనువాదం మంచిది కాదా?

జవాబు: అనువాదాన్ని అనకండి. చాలా ప్రతులు ‘కల్యాణ్’, ‘యమన్ కల్యాణ్’ అనే సుర్‌లతో (అధ్యాయాలతో) మొదలవుతాయి. వాటిలో కథ లేదు. దైవస్తుతి, ప్రేమ అనే జబ్బు, దానికి వైద్యుడు, అంతే. తర్వాత కథలు వచ్చినా లతీఫ్ (1689-1752) వాటిని చెప్పడు. వినేవాళ్లకు అవి చిన్నప్పటి నుంచీ తెలుసు కాబట్టి నేరుగా నడిమధ్యలోకి దిగిపోతాడు.

ససుయినే చూడండి. భంభోర్‌లో చాకలి ఇంట పెరిగింది. కేచ్ నుంచి వచ్చిన పున్హూను పెళ్లాడింది. ఓ రాత్రి ఆమె నిద్రపోతుంటే అతని అన్నదమ్ములు అతన్ని ఒంటె మీద ఎక్కించుకుపోయారు. ఇంతవరకూ మీరే తెలుసుకుని రావాలి. లతీఫ్‌కు కావలసింది ఆ తర్వాతి నడక. దానికే 5 సుర్‌లు ఇచ్చాడు. ఆమె నిద్ర ఆయన లెక్కలో వట్టి నిద్ర కాదు, ఏమరుపాటు. ఎండలో, కొండల్లో కాళ్లు పగిలేలా తిరిగాక, తాను వెతుకుతున్నవాడు తనలోనే ఉన్నాడని ఆమెకు తెలుస్తుంది.

మీరు మాత్రం ‘మారుయి’తో మొదలుపెట్టండి. మలీర్ పల్లెపిల్లను ఉమర్‌కోట రాజు ఉమర్ ఎత్తుకుపోతాడు. పట్టుబట్టలిస్తే ఆమె తన పాత కంబళి వదలదు. ఈ రెండు ముక్కలు తెలిస్తే చాలు, మారుయి ఆత్మకు, పుట్టిల్లు దాని అసలు చోటుకు గుర్తు అని ఎవరూ చెప్పక్కర్లేదు.

ప్రశ్న: సుర్ అంటే రాగమా, అధ్యాయమా?

జవాబు: రెండూనూ. ఇది పాడుకునే పుస్తకం. కొన్ని సుర్‌లకు రాగం పేరు, కొన్నిటికి నాయిక పేరు. ‘సాముండీ’ సముద్రం మీద వెళ్లే వర్తకులది. ఇప్పటి ప్రతుల్లో సాధారణంగా 30 ఉంటాయి. ఒక్కో సుర్‌లో కొన్ని దాస్తాన్‌లు (భాగాలు), ఒక్కో దాస్తాన్‌లో వరసగా బైత్‌లు, చివర ఒక వాయీ. బైత్ చిన్న పద్యం. వాయీకి పల్లవి ఉంటుంది. అది తిరిగి తిరిగి రావాలి. అనువాదకుడు ఒక్కసారే అచ్చువేసి ఊరుకుంటే వాయీ చప్పగా తోస్తుంది.

బైత్ అందం చివరి పాదంలో ఉంది. మన పద్యంలో ప్రాస పాదం మొదట్లో పడుతుంది. ఇక్కడ పై పాదం చివరి మాటకు ప్రాస, ఆఖరి పాదం మధ్యలో పడుతుంది. సింధ్ సుభిక్షంగా ఉండాలని, లోకమంతా పచ్చగా ఉండాలని వేడుకునే ‘సారంగ్’ సుర్ బైత్‌లో మొదటి పాదం ‘సుకార్’తో ముగుస్తుంది, దాని జత ‘దిల్దార్’ రెండో పాదం సగంలోనే వచ్చేస్తుంది. ఆ తర్వాతి మాటలు ప్రాస లేకుండా గాలిలో నిలుస్తాయి. గొంతు ఆగాల్సింది ఆ సగం దగ్గర. పాదం చివర ఆగి చదివితే ప్రాసే వినపడదు.

ప్రశ్న: ఉర్సు ఎప్పుడు?

జవాబు: లతీఫ్ దర్గా ఉన్న భిట్ షాలో, సఫర్ నెల 14 నుంచి 3 రోజులు. చాంద్రమానం కనుక ఇంగ్లిషు తేదీల్లో ఏటా 10, 11 రోజులు ముందే వస్తుంది. పాట వినడానికైతే ఉర్సు దాకా ఆగక్కర్లేదు. దర్గా ఫకీర్లు 5 తీగల దంబూరో మీటుతూ రాత్రుళ్లు పాడతారు. సంప్రదాయంగా మగవాళ్లే, కానీ గొంతు ఆడగొంతంత పైకి లేస్తుంది. పాటల్లో మాట్లాడేది ఎక్కువగా ససుయి, మారుయిలే మరి.